బోర్డు మీద రాసే నాలుగు మాటలు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల సంఘాలకు మేము తనిఖీకి వెళ్ళినప్పుడు వాటాధనం రిజిస్టరు, నగదు పుస్తకం, పాల కొలత పట్టీలు చూడడం అయిపోయి టీ గ్లాసులు వచ్చే వేళకు, కార్యదర్శిగారు మెల్లగా మరొక విషయం ఎత్తుతూ ఉంటారు. "ఇన్‌స్పెక్టరు గారూ, కేంద్రం పక్కన పాలు, పెరుగు అమ్మడానికి చిన్న గది వేశామండీ. రేపు పెయింటరు వస్తానన్నాడు. సంఘం పేరు కింద ఓ మంచి ముక్క రాయించాలి. మీరే చెప్పాలి" అంటారు. పక్కనున్న అధ్యక్షులవారు "నలుగురూ ఆగి చదివేట్టు ఉండాలండోయ్" అని అందిస్తారు.

సహకార డిప్లొమాలో మాకు పద్దులు నేర్పారు, చట్టం నేర్పారు, ఉపనిబంధనలు కంఠస్థం చేయించారు. ఈ ముక్క రాసే విద్య మాత్రం ఏ పాఠంలోనూ లేదు. అయినా ఒకసారి ధైర్యం చేసి ఒక సంఘానికి రాసిచ్చాం. దాని ఫలితం ఏమైనదో తరువాత చెబుతాం. ఆ అనుభవం అయిన తరువాతనే ఈ చిన్న మాటల సంగతి కొంత తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్నది సభ్యుల ముందు పెట్టడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బోర్డు మీద ముక్కను ఒకరు స్లోగను అంటారు, ఒకరు నినాదం అంటారు, ఒకరు ప్రకటన అంటారు, కుర్రవాళ్ళు క్యాప్షను అంటారు. అన్నీ ఒకటే అనుకోవడంలోనే చిక్కు ఉన్నది. ఒక్కొక్క మాట ఒక్కొక్క పని కోసం పుట్టినది.

మన ఊళ్ళలో అన్నిటికన్నా పాతది చాటింపు. డప్పు మోగుతుంది, మనిషి గొంతెత్తి కబురు చెబుతాడు. ఫలానా రోజున సంత, ఫలానా రోజున కాలువకు నీళ్ళు. అందులో పొగడ్త ఉండదు, కబురు నిజమైతే చాలు. దాని తరువాతిది కరపత్రం. అచ్చుతో, నాటకాలతో, సినిమాతో చుట్టరికం ఉన్న తెనాలివారికి దీని సంగతి వేరే చెప్పనక్కరలేదు. రిక్షాకు రెండు పక్కలా బోర్డులు కట్టి, మైకులో "నేడే చూడండి" అంటూ వీధివీధికీ తిరిగి రంగు కాగితాలు విసురుతూ ఉంటే, చిన్నతనంలో మేమూ ఆ కాగితాల కోసం వెంట పరుగెత్తినవాళ్ళమే. "సకుటుంబ సపరివార సమేతంగా చూడదగిన చిత్రం" అని ఉండేది. కథ ఏమిటో, ఆట బాగున్నదో లేదో ఆ ముక్క చెప్పదు. పిల్లాపాపలతో వెళ్ళవచ్చునని మాత్రం చెబుతుంది. ఆలోచిస్తే అది పనికివచ్చే మాటే.

నినాదం అనే సంస్కృత మాటకు అసలు అర్థం ధ్వని, మోత. స్లోగన్ అనే ఆంగ్లపు మాట స్కాట్లండులోని గేలిక్ భాష నుంచి వచ్చినది, యుద్ధానికి దిగిన దండు వేసే కేక అని దాని అర్థం. రెండింటిలోనూ ముఖ్యమైనది గొంతే. 1966లో ఆంధ్రదేశమంతా మోగిన "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" చూడండి. ఉన్నవి నాలుగే మాటలు. ఉక్కుకు హక్కు సరిగ్గా అతికింది. చదువు రానివారి నోట కూడా నిలిచిపోయింది. కుటుంబ నియంత్రణ ప్రచారంలో గోడల మీద రాసిన "చిన్న కుటుంబం - చింతలేని కుటుంబం" కూడా ఆ కోవలోదే. నినాదం జనాన్ని పిలుస్తుంది, కదిలిస్తుంది. సరుకును వర్ణించడం దాని పని కాదు. విశాఖ ఉక్కులో ఏ లోహం ఎంత శాతమో ఆ నినాదంలో వెతికినవాడు లేడు.

బిరుదు మరొక రకం. ఒక మనిషినో ఊరినో రెండు మాటల్లో మెచ్చుకోవడం. తెనాలిని "ఆంధ్రా ప్యారిస్" అన్నారు. ప్యారిస్ చూసినవారు ఎందరున్నారో గాని, తెనాలి కాలువ గట్టున నిలబడి ఆ మాట అనుకుంటే మాకూ కాస్త గర్వంగానే ఉంటుంది. తెనాలి రామకృష్ణుని "వికటకవి" అన్నారు. ముందు నుంచి చదివినా వెనుక నుంచి చదివినా ఒకటే కనుక పిల్లలకు కూడా మరపురాదు. బాపట్లను భావనారాయణస్వామి పేరు మీద భావపురి అంటారు. ఇక రేపల్లెవారి అదృష్టమే అదృష్టం. కృష్ణుడు పెరిగిన గొల్లపల్లెను తెలుగువారు రేపల్లె అనే పిలుచుకున్నారు. ఆ పేరు వినగానే వెన్నముద్ద గుర్తుకు వస్తుంది. ఆ వైపు సంఘాలవారు బోర్డు మీద ఊరి పేరు ఒక్కటి పెద్ద అక్షరాలతో రాసుకుంటే సగం ప్రచారం అయినట్లేనని మేము వారితో అంటూ ఉంటాం.

పుస్తకాల అట్ట వెనుక ఉండే నాలుగు వాక్యాల మెచ్చుకోలును ఆంగ్లంలో బ్లర్బ్ అంటారు. ఇది 1907లో పుట్టిన మాట. గెలెట్ బర్జెస్ అనే అమెరికా హాస్య రచయిత, పుస్తక విక్రేతల విందులో పంచడానికి తన పుస్తకానికి ఒక వేళాకోళపు అట్ట వేయించాడు. దాని మీద నోటి పక్కన చెయ్యి పెట్టుకొని కేక వేస్తున్న అమ్మాయి బొమ్మ. ఆమె పేరు మిస్ బెలిండా బ్లర్బ్. ప్రచురణకర్తలు తమ పుస్తకాలను తామే ఆకాశానికి ఎత్తుకోవడాన్ని ఎగతాళి చేయడానికి పెట్టిన పేరు అది. ఎగతాళి పోయింది, పేరు మిగిలింది. మనవారు "అట్ట వెనుక మాట" అంటారు. తన సరుకును తానే మెచ్చుకోవడం కాస్త ఎబ్బెట్టు పని అని ఆ మాట పుట్టుకలోనే ఉన్నది.

వ్యాపారంలో పేరు కింద వేసే చిన్న వాక్యాన్ని ట్యాగ్‌లైను అంటారు. మన పాడి సహకార రంగంలో ఇందులో ఆరితేరినది అమూల్. 1966లో వారి వెన్నకు "అట్టర్లీ బట్టర్లీ డెలిషస్" అని వేశారు. ఆ మధ్య మాట ఏ నిఘంటువులోనూ లేదు, వెన్న కోసమే కల్పించుకున్నది. 1994లో "ద టేస్ట్ ఆఫ్ ఇండియా" వచ్చింది. ఈ రెండింటిలోనూ వెన్న శాతం లేదు, ఏ పశువు పాలో లేదు, మాట తప్పడానికి అందులో ఇచ్చిన మాట ఏదీ లేదు. ఈ సంగతి సభ్యులు కొంచెం గుర్తుపెట్టుకోవాలి. మన బోర్డుల మీద తిప్పలు తెచ్చేవి ఈ రకం ముక్కలు కావు.

తిప్పలు తెచ్చేది వర్ణన. సరుకు ఇటువంటిది అని చెప్పే మాట.

పాడి విషయంలో మన ఆడవారి నోట ఉన్న వర్ణనలు ఎంత ఖచ్చితమైనవో చూడండి. గడ్డపెరుగు అంటే గిన్నె వంచినా చెదరనిది. పూసకట్టిన నెయ్యి అంటే రెండు వేళ్ళ మధ్య రాస్తే పూస తగిలేది. కమ్మటి పెరుగు అంటే పులుపు ఎక్కనిది. మీగడ కట్టే పాలు అంటే కాచి చల్లార్చిన తరువాత సాక్ష్యం పైకి తేలేవి. గంప నెత్తిన పెట్టుకొని వచ్చిన అవ్వ "గడ్డపెరుగమ్మా" అని కేక వేస్తే, కొనే ఇల్లాలు ముందు గరిటె దించి చూసేది, ఆ తరువాతే గిన్నె పట్టేది. ఆ కేకా ప్రకటనే. కాని అది అక్కడికక్కడే పరీక్షకు నిలబడవలసిన ప్రకటన. మరి "స్వచ్ఛమైన", "శ్రేష్ఠమైన", "అచ్చమైన", "నాణ్యమైన" అనే మాటలు ఉన్నాయే, వాటిలో ఏ గరిటె దించి చూస్తారు? గుంటూరు నెయ్యికి పేరు ఉన్నమాట నిజం. అయినా నేతి డబ్బా మీద అగ్‌మార్క్ ముద్ర వేయాలంటే, 1937 నాటి చట్టం ప్రకారం సరుకు పరీక్షకు నిలవాలి. పేరు ఒక్కటే చాలదని ఆనాడే గ్రహించారన్నమాట.

పాల ప్యాకెట్ల మీద ఉండే కొన్ని మాటలను మన సభ్యులు పొగడ్తలనో తెగడ్తలనో పొరబడుతూ ఉంటారు. అవి రెండూ కావు, కొలతలు. "టోన్డ్ పాలు అంటే నీళ్ళ పాలేగా" అని ఒక సాధారణ సమావేశంలో ఒక పెద్దాయన అన్నారు. గేదె పాలలో వెన్న తీసిన పాలపొడి, నీరు కలిపి, ఎక్కువ మందికి తక్కువ ధరకు అందించే పద్ధతిని 1940లలో బొంబాయిలో దారా ఖురోడీ ప్రవేశపెట్టి దానికి ఆ పేరు పెట్టారు. 1963లో కురియన్, త్రిభువన్‌దాస్ పటేల్‌లతో కలిసి మెగసెసె బహుమతి అందుకున్నది ఆయనే. నేటి ప్రమాణం ప్రకారం టోన్డ్ పాలలో వెన్న 3.0 శాతం, వెన్న కాని ఘనపదార్థాలు, అనగా మనం ఎస్.ఎన్.ఎఫ్. అనేవి, 8.5 శాతం ఉండాలి. డబుల్ టోన్డ్‌కు 1.5, 9.0. స్టాండర్డైజ్డ్‌కు 4.5, 8.5. ఫుల్‌క్రీమ్‌కు 6.0, 9.0. ఈ పేర్లలో ఏది రాసినా ఆ అంకెలు రాసినట్లే.

బోర్డు మీద "గేదె పాలు" అని రాసినా అంతే. ఇక్కడే మా కథ మొదలవుతుంది.

కొన్ని సంవత్సరాల క్రిందట రేపల్లె వైపు ఒక సంఘం స్థానిక అమ్మకం ప్రారంభించినప్పుడు, "అచ్చమైన గేదె పాలు - చిక్కదనానికి మారుపేరు" అని మేమే రాసిచ్చాం. ఆనాడు ఆ ఊళ్ళో సంఘానికి వచ్చే పాలన్నీ దాదాపు గేదె పాలే. రాసిన మాటలో అబద్ధం లేదు. పెయింటరు పచ్చరంగు మీద పసుపు అక్షరాలతో రాస్తే చూడముచ్చటగా కూడా ఉండినది. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా మేము తలెత్తి ఒకసారి చూసుకొనేవాళ్ళం.

తరువాత సభ్యులు కొందరు అప్పులు తీసుకొని సంకర జాతి ఆవులను కొన్నారు. మంచి పనే. పాలు పెరిగాయి. ఆవు పాలకు వేరే క్యాను పెట్టవలసి ఉండగా, సాయంత్రం పూట రద్దీలో రెండూ ఒకే క్యానులోకి పోయడం అలవాటైంది. ఆ క్యానులోంచే స్థానిక అమ్మకానికి తీసేవారు. బోర్డు మాత్రం అలాగే ఉన్నది. టీ హోటలు ఆయన ఒకాయన "ఈ మధ్య టీ కాస్త తేలిపోతోందండీ" అని రెండుసార్లు చెప్పి, మూడోసారి చెప్పకుండా వేరేచోట పాలు తీసుకోవడం మొదలుపెట్టాడు. అటుపిమ్మట ఆహార భద్రతా అధికారి వచ్చి నమూనా తీసుకున్నారు.

ఇందులోని లెక్క సభ్యులందరూ తెలుసుకోదగినది. 60 లీటర్ల గేదె పాలు, వెన్న 6.5, ఎస్.ఎన్.ఎఫ్. 9.1 అనుకోండి. వాటిలో 40 లీటర్ల ఆవు పాలు, వెన్న 4.0, ఎస్.ఎన్.ఎఫ్. 8.4 కలిపారనుకోండి. కలిసిన పాలలో వెన్న 5.5, ఎస్.ఎన్.ఎఫ్. 8.82 వస్తుంది. మన ప్రాంతంలో గేదె పాలకు ఉండవలసినది వెన్న 5.0, ఎస్.ఎన్.ఎఫ్. 9.0. వెన్న దాటింది, ఎస్.ఎన్.ఎఫ్. తప్పింది. టెస్టరు దగ్గర వెన్న మాత్రమే చూసుకొని "ఐదున్నర వచ్చిందిగా" అని తృప్తిపడే కార్యదర్శికి ఈ రెండో అంకె కనిపించదు. చిత్రమేమిటంటే ఈ పాలే "మిశ్రమ పాలు" అని రాసి అమ్మి ఉంటే ఉండవలసినవి 4.5, 8.5 మాత్రమే. హాయిగా నెగ్గేవి. చుక్క నీరు కలవలేదు, పొడి కలవలేదు. పాలు మంచివే. పైన రాసిన మాట ఆ పాలది కాదు, అంతే.

చట్టం దృష్టిలో బోర్డు కూడా ప్రకటనే. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో ప్రకటన అంటే నోటీసు, కరపత్రం, లేబిలు, పై చుట్ట, బిల్లు కూడా వస్తాయి. ప్రమాణానికి తగ్గిన సరుకుకు 5 లక్షల రూపాయల వరకు, తప్పు పేరుతో అమ్మిన సరుకుకు 3 లక్షల వరకు, తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల వరకు జరిమానా వేయవచ్చును. ఈ సంఘానికి అంత పడలేదు. పడినది ఆ సంవత్సరపు మిగులులోంచి కట్టారు. బోనసు తగ్గింది.

సాధారణ సమావేశంలో ఒక వృద్ధురాలు లేచింది. రెండు గేదెలతో ముప్ఫై ఏళ్ళుగా పాలు పోస్తున్న మనిషి. "నా పాలలో నేను ఏనాడూ నీళ్ళు కలపలేదయ్యా. మరి మన సంఘానికి కల్తీ పేరు ఎందుకు వచ్చింది?" అని అడిగింది. కార్యదర్శి తల దించుకున్నారు. అధ్యక్షులు మా వంక చూశారు. మేము లేచి, ఆ మాట రాసిచ్చింది మేమేనమ్మా అని చెప్పవలసి వచ్చింది. రాసి ఇచ్చి, ఏటా తనిఖీకి వచ్చి, ఆవులు వచ్చిన సంగతి రిజిస్టరులో చూసి సంతకం పెట్టి, తలెత్తి బోర్డు చూసి కూడా, ఈ రెండింటికీ పొత్తు కుదరడం లేదని మాకు తట్టలేదు. కార్యదర్శి తప్పు క్యాను దగ్గర ఉన్నది, మా తప్పు బోర్డు దగ్గర ఉన్నది. ఆమె కూర్చుంటూ "అయితే ఆ మాట తీసేయించండి" అన్నది. తీర్మానం అంతకన్నా పొడుగు లేదు.

కొత్త బోర్డు మీద సంఘం పేరు, "గేదె పాలు, ఆవు పాలు, మిశ్రమ పాలు" అని మూడు వరుసలు, ఒక్కొక్క వరుసకు ఎదురుగా నల్లరంగు పూసిన గళ్ళు. పూటపూటకూ పరీక్ష అయిన తరువాత వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. సుద్దతో రాస్తారు. ఆ పూట లేని పాలకు గీత కొడతారు. చూడడానికి బడి పలకలాగా ఉంటుంది. టీ హోటలు ఆయన కొన్నాళ్ళు దూరం నుంచి చదివిపోయి, తరువాత ఒకరోజు క్యాను పంపించాడు. మిశ్రమ పాలే తీసుకుంటున్నాడు, ధర తక్కువ కనుక.

2018లో ప్రకటనల మీద, వాటిలో చెప్పుకొనే గొప్పల మీద ప్రత్యేక నియమాలు వచ్చాయి. వాటిలో మనకు తగిలేవి చెబుతాం. "ప్యూర్", అనగా స్వచ్ఛమైన, శుద్ధమైన అనే మాట ఒకే పదార్థం ఉండి, ఏమీ కలపని సరుకుకే చెల్లుతుంది. "ఫ్రెష్" అనే మాట శుభ్రం చేయడం, చల్లబరచడం వంటివి తప్ప వేరే ప్రక్రియ జరగని సరుకుకు చెల్లుతుంది. నిలవ కాలం పెంచే ప్రక్రియ చేసిన తరువాత చెల్లదు. బాపట్లలో ఆహార సాంకేతిక శాస్త్రం చదివిన ఒక సభ్యుని కుమారుడు సమావేశంలో ఈ సంగతి చెప్పినప్పుడు, పెద్దలు "పొద్దున పిండిన పాలు తాజా కాకపోతే మరేమిటిరా" అని గదమాయించారు. పిండి చల్లబరచి ఆ పూటే అమ్మితే వారన్నది సరే. కాచి, ప్యాకెట్టులో కట్టి నాలుగు రోజులు నిలవ ఉంచేదాని మీద రాస్తే కుర్రవాడు అన్నదే సరి. "హోమ్ మేడ్" అసలే కూడదు. సంఘం షెడ్డులో కాచిన నేతి సీసా మీద "ఇంటి నెయ్యి" అని రాసిన లేబిళ్ళు మేము రెండుచోట్ల చూశాం. దయచేసి తీసివేయండి.

పెరుగు లేబిలు విషయంలో ఒక మంచి మాట కూడా ఉన్నది. పెరుగు ప్యాకెట్ల మీద "దహీ" అనే పేరే ముఖ్యంగా ఉండాలని 2023లో ఉత్తర్వు వచ్చి, దక్షిణాదిన అభ్యంతరాలు లేచిన తరువాత, మార్చి 30న దానిని సవరించారు. కర్డ్ అని రాసి పక్కన బ్రాకెట్లలో తయిర్, మొసరు, పెరుగు, ఎవరి మాట వారు రాసుకోవచ్చునన్నారు. కనుక మన మాట మనం నిస్సంకోచంగా వేసుకోవచ్చును.

ఏ2 పాలు అనే మాట కూడా పల్లెలకు వచ్చింది. 2024 ఆగస్టు 21న ఆ మాటలు ప్యాకెట్ల మీద తీసివేయాలని ఆహార ప్రమాణాల సంస్థ చెప్పి, 26న ఆ ఆదేశాన్ని వెనక్కు తీసుకున్నది. పక్క ఊళ్ళో రాశారు కదా అని మనం రాయవద్దు. ఏ ఆవు పాలు ఏ క్యానులోకి పోతున్నాయో వేరుగా చూపలేని సంఘానికి ఆ మాట మళ్ళీ పచ్చరంగు బోర్డే అవుతుంది.

చిరునామా కూడా చూసుకోండి. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల, రేపల్లె ప్రాంతాలు బాపట్ల జిల్లాలో ఉన్నాయి, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉన్నది. పాత లేబిళ్ళు మిగిలిపోయాయని ఇంకా "గుంటూరు జిల్లా" అని అంటించే సంఘాలు ఒకటి రెండు మా దృష్టికి వచ్చాయి. 14 అంకెల లైసెన్సు నంబరులో ఒక అంకె పెయింటరు మింగిన బోర్డు కూడా ఒకటి చూశాం.

ఇకమీదట ముక్క రాయించదలచినవారు ముందుగా దానిని తెల్లకాగితం మీద రాసి, పాలకవర్గ సమావేశంలో చదివి, తీర్మానాల పుస్తకంలో ఎక్కించండి. ప్రాస కుదిరితే సంతోషమే, ఊరి పేరు కలిస్తే ఇంకా సంతోషం. వర్ణన మాట ఏదైనా ఉంటే, దానిని ఏ రిజిస్టరులో సరిచూడవచ్చునో పక్కన రాయండి. మేము తనిఖీకి వచ్చినప్పుడు కొలత పట్టీలతో పాటు ఆ కాగితం కూడా మా ముందు పెట్టండి.

రేపల్లె వైపు సంఘంలో పాత బోర్డు రేకును పారేయలేదు. పెయ్యదూడల పాక మీద కప్పారు, అక్షరాలు కనపడకుండా తిరగేసి. మొన్న వెళ్ళినప్పుడు పాకలోకి వంగి చూస్తే, దూలాల మధ్య నుంచి "అచ్చమైన" అన్నంత వరకు చదవగలిగాం.